సేఫ్టీకి ఇంకొకటి

మొదటిసారి కొలతలు తీసిన రోజు ఫిల్మ్ నగర్‌లోని మా స్కాన్ గదిలో ఉన్నవి ఇవి: వలయంగా నిలబెట్టిన ఇనుప చట్రం, దానికి బిగించిన అరవై నాలుగు కెమెరాలు, నీడ పడకుండా తెల్లగుడ్డ కట్టిన లైట్లు, మధ్యలో ఒక గుండ్రటి పీట, మూలన ఏసీ, ఏసీ నీళ్లు పట్టడానికి ప్లాస్టిక్ బకెట్టు. ఉన్న మనుషులు నలుగురు: నేను, కో-డైరెక్టర్, నిక్కరు మాత్రం వేసుకుని పీట మీద నిలబడ్డ ఒకప్పటి వెయిట్‌లిఫ్టర్, తలుపు దగ్గర కుర్చీలో అతని చొక్కా మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అతని భార్య.

నేను చదివింది మెకానికల్ ఇంజినీరింగ్. సినిమాల్లో నా పని కూడా కొలతలదే. మనిషిని అన్ని వైపుల నుంచీ ఒకేసారి ఫొటోలు తీసి, వాటితో కంప్యూటర్లో ఆ ఒంటినే మళ్లీ కట్టాలి. హీరో చేయలేని పని డూప్ చేసినప్పుడు డూప్ మెడ మీద హీరో తల అతికించేది మేమే. అతుకు కనపడకూడదంటే ఆ మెడ కొలత ఖచ్చితంగా తెలియాలి.

ఈ సినిమాలో డూప్ ఎవరో కాదు, కథలోని మనిషే. అతను జాతీయ పోటీల్లో నూట అరవై ఎనిమిది కిలోలు ఎత్తి బంగారు పతకం గెలిచాడు. ఆ తర్వాత మూత్ర పరీక్షలో నిషేధించిన మందు బయటపడింది. పతకం వెనక్కి తీసుకున్నారు, నిషేధం వేశారు, రికార్డుల్లోంచి పేరు కొట్టేశారు. పేపర్లో వచ్చిన చివరి ఫొటోలో అతను రెండు చేతులతో మొహం కప్పుకుని ఉంటాడు. ఇప్పుడు వెంగళరావు నగర్‌లో ఒక మేడ మీద జిమ్ నడుపుతున్నాడు. వయసు ముప్పై అయిదు దాటింది. యూనిట్‌లో అందరూ మాస్టారూ అని పిలిచేవాళ్లు. హీరో అతని పాత్ర వేస్తున్నాడు. బరువులెత్తే షాట్లన్నిటిలోనూ తల హీరోది, ఒళ్లు మాస్టారిది.

“మాస్టారూ, లోకంల ఎవరికీ రాని చాన్సు మీకొచ్చింది,” అన్నాడు కో-డైరెక్టర్. “మీ లైఫ్‌ల మీరే డూప్.”

మాస్టారు కదలకుండా నవ్వాడు. కదిలితే ఫొటో పాడవుతుందని ముందే చెప్పాను.

కథ హక్కులు ఇచ్చేటప్పుడు అతను పెట్టిన షరతు ఒకటే. సినిమా చివరి షాట్‌లో హీరో మొహం ఉండకూడదు. తను, తన మొహంతో, అదే బరువును, ఏ మందూ లేని ఒంటితో, మధ్యలో కట్ లేకుండా ఎత్తాలి. ఎందుకు అంత పట్టు అని నేను అడగలేదు. కెమెరాలు సరిచేస్తుంటే అతనే చెప్పాడు.

“ఆ వేళ ఇంజెక్షన్ ఏటని నేను కోచ్‌ని అడగలేదు బాబూ. విటమిన్ అన్నాడు, చెయ్యి చాపీసేను. అడక్కపోడం నా తప్పే. గానీ ఆ బరువు ఎత్తింది నేనా, మందా? జనాల సంగతి వదిలీ. నాకే తెలీదు. ఇన్నేళ్లయినా తెలీదు.”

నాకు అది వెంటనే అర్థమైంది. ప్రయోగశాలలో మేమూ అదే చేసేవాళ్లం. ఫలితానికి కారణం ఏదో తేలకపోతే, అనుమానమున్న ఒక్కదాన్ని తీసేసి, మిగతా అన్నీ అలాగే ఉంచి మళ్లీ చేసి చూడాలి. అతను అడుగుతున్నది ఆ ఒక్క ప్రయోగమే.

“మొన్న ఆదివారం మందిరంలో సాక్ష్యం కూడా చెప్పారండీ,” అంది అతని భార్య తలుపు దగ్గర నుంచి. ఆవిడది గుంటూరు వైపు. “శుద్ధమైన ఒంటితో ఎత్తి చూపిస్తానని సంఘం ముందు మాటిచ్చారు. మా వాళ్లంతా ఈ సినిమా కోసం ప్రార్థన చేస్తున్నారు.”

“గట్లనా అక్కా? అయితే మా డైరెక్టర్ కోసం గూడ జర ప్రార్థన చేయించున్రి. ఒక్క షెడ్యూలన్న టైముకు అయితలేదు,” అన్నాడు కో-డైరెక్టర్.

ఆవిడ చొక్కా అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను బటన్ నొక్కాను. అరవై నాలుగు కెమెరాలూ ఒకేసారి టక్కుమన్నాయి.

మొదట్లో ఆ చివరి షాట్ గురించి డైరెక్టర్ పెద్దగా పట్టించుకోలేదు. అసలు బరువులు ఎందుకు, రాడ్డుకు ఫైబర్ పళ్లేలు తొడిగి రంగు వేయిద్దాం, ఎవరికి తెలుస్తుంది అనేవాడు. ఆ మాట మాస్టారి దాకా పోకుండా కో-డైరెక్టర్ చూసుకున్నాడు. తర్వాత హీరో పుట్టినరోజు వచ్చింది. పుట్టినరోజు నాడు సినిమాలోంచి అర నిమిషం ముక్క ఏదైనా వదలకపోతే అభిమానులు ఊరుకోరు. ఫైబర్ పళ్లేలతో తీసిన ఒక షాట్ వదిలారు.

అందులో రాడ్డు వంగలేదు. నిజమైన బరువు పైకి లేస్తున్నప్పుడు రాడ్డు రెండు కొసలూ కిందికి వంగి ఊగుతాయి. ఫైబర్ పళ్లేలకు అది తిన్నగా నిలబడింది. సాయంత్రానికి ఫోన్ల నిండా అదే. “మా అమ్మ గ్యాస్ బండ మార్చేటప్పుడు కూడా ఇంతకన్నా ఎక్కువ కష్టపడుద్ది” అని ఒకడు. “ఇడ్లీ రేకులు బాగా ఎత్తావన్నా” అని ఇంకొకడు. మరొకడు హీరో చేతుల్లో రాడ్డు తీసేసి బట్టలారేసే దండెం పెట్టాడు.

మర్నాడు జూబ్లీహిల్స్ ఆఫీసుకు మమ్మల్నందర్నీ పిలిచారు. డైరెక్టర్ ఫోన్ బోర్లా పెట్టి కూర్చున్నాడు.

“థర్మకోల్ డైరెక్టర్ అంటున్నారయ్యా నన్ను. పధ్నాలుగేళ్ల కెరీర్! ఇకనుంచి ఈ సినిమాలో ఒక్క డూప్లికేట్ పళ్లెం కనపడకూడదు. మాస్టారూ, మీరు అడిగిందే చేద్దాం. అసలు బరువు, అసలు మనిషి, సింగిల్ షాట్. ట్రోల్ చేసిన ప్రతివాడూ నోరు మూసుకోవాలి.”

మాస్టారు లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు. అతనికి ఆ అవకాశం ఇచ్చింది వెక్కిరించినవాళ్లని ఆ గదిలో ఎవరూ అనలేదు.

ఆ తర్వాత స్టూడియోలో చేతుల షాట్ తీశారు. లిఫ్టర్ రాడ్డు పట్టుకునే ముందు అరచేతులకు తెల్ల పౌడరు రాసుకుంటాడు. రెండు చేతులు, ఒక గిన్నె, అంతే. మొదటి టేకే బాగా వచ్చింది. డైరెక్టర్ ఓకే చెప్పి, వెంటనే, “సేఫ్టీకి ఇంకొకటి,” అన్నాడు.

ఇది మా పరిశ్రమలో పాత అలవాటు. ఫిల్ము మీద తీసే రోజుల్లో నెగిటివ్ ల్యాబ్‌కు వెళ్లేది. అక్కడ గీత పడొచ్చు, కాలిపోవచ్చు. అందుకని షాట్ ఓకే అయినా ఇంకొకటి తీసి పెట్టుకునేవాళ్లు. ఇప్పుడు ల్యాబ్ లేదు. కార్డులోంచి మూడు చోట్లకు అక్కడికక్కడే కాపీ అవుతుంది. అలవాటు మాత్రం పోలేదు. మా డైరెక్టర్ విషయంలో ఆ ఇంకొకటి కూడా ఒకటితో ఆగదు. చేతుల షాట్ ఎనిమిదిసార్లు తీశాడు.

మాస్టారు వేళ్ల మధ్య పౌడరు తుడుచుకుంటూ మా దగ్గరికి వచ్చాడు. “ఎత్తే షాట్‌కి కూడా ఇలాగే ఇంకొకటంటారేటి?”

“అడగకుంటె ఆయన డైరెక్టరే కాదు మాస్టారూ,” అన్నాడు కో-డైరెక్టర్. “ఆయన పెండ్లిల తాళి గూడ రెండుసార్లు కట్టిండంటరు. సేఫ్టీకి!”

లైట్లవాళ్లు కూడా నవ్వారు. మాస్టారు అందరికన్నా ఆలస్యంగా నవ్వాడు.

“మా ఆటలో ఎత్తీసిన బరువుని మళ్లీ ఎత్తమని ఎవరూ అడగరు బాబూ,” అన్నాడు నాతో. “జడ్జీల మూడు తెల్ల లైట్లు వెలిగితే అయిపోయినట్టే. ఇంటికెళ్లిపోడమే.”

నేను డైరెక్టర్‌తో మాట్లాడమన్నాను. మాట్లాడాడట. ‘ఒక్కటే బ్రదర్, ప్రామిస్’ అని డైరెక్టర్ చేతిలో చెయ్యి వేశాడట. ఆ సంగతి చెప్పి మాస్టారు, “పౌడరు షాట్‌కి కూడా ఇంకొకటే అన్నారు కదా,” అన్నాడు.

హీరో తల అతికించాల్సిన షాట్లు ఇంకా ఉన్నాయి కాబట్టి, చివరి షాట్‌కు ముందు రెండోసారి కొలతలు తీయాలి. ఈసారి అతను ఒక్కడే వచ్చాడు. ఏసీ గదిలో కూడా మెడ మీద చెమట పట్టింది. ఫొటోలు తీసి కూర్చోబెట్టి, పాత బొమ్మ మీద కొత్త బొమ్మ ఆనించాను. రెండూ ఒకేలా ఉన్నచోట తెర నీలంగా ఉంటుంది. కొత్తది పెరిగినచోట ఎరుపు వస్తుంది. కాళ్లు నీలం, పిక్కలు నీలం, నడుము నీలం. భుజాలు, మెడ మొదలు, దవడ కింది భాగం ఎర్రగా వచ్చాయి. మధ్యలో నారింజ రంగు కూడా లేదు, నేరుగా ఎరుపే. వీపు దగ్గరగా చూస్తే మొదటి ఫొటోల్లో లేని మొటిమలు రెండు భుజాల మీదా గుంపులుగా ఉన్నాయి.

యంత్రం తప్పేమో అనుకున్నాను. పొడవు తెలిసిన ఇనుప కడ్డీ ఒకటి మా దగ్గర ఉంటుంది. దాన్ని పీట మీద నిలబెట్టి ఫొటోలు తీసి కొలిచాను. కడ్డీ కొలత సరిగ్గానే ఉంది.

అతను నా వెనకాలే నిలబడి తెర చూస్తున్నాడు. నేను వెనక్కి తిరగకుండానే అన్నాను. “మాస్టారూ, మెడ రెండు సెంటీమీటర్లు పెరిగింది.”

“మంచిదే కదేటి. కుర్రాడిలా కనపడమన్నారు డైరెక్టర్ గారు.”

“పిక్కలు పెరగలేదు. తొడలు కూడా అలాగే ఉన్నాయి. కసరత్తుతోనే అయితే అవీ పెరగాలి.”

చొక్కా తొడుక్కున్న చప్పుడు వినపడింది. తర్వాత, “టీ తాగుదాం రా,” అన్నాడు.

నేను టోలిచౌకిలో కిరాయికుంటాను. అతని స్కూటర్ వెనక నా బండి మీద అక్కడి దాకా వెళ్లాను. ఎండ ఇంకా దిగలేదు. రోడ్డు పక్క హోటల్లో ఫ్యాను కింద బల్ల దగ్గర కూర్చున్నాం. అతను చక్కెర లేని టీ చెప్పి, అది వచ్చాక తాగలేదు.

“మీ మిషను అన్నీ పట్టీస్తాదేటి?”

“ఎంత పెరిగిందో చూపిస్తుంది. ఎందుకు పెరిగిందో చూపించదు.”

అతను తల ఊపాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “ఒక్కసారికైతే ఈ ఒళ్లు చాలును బాబూ. అబద్ధం కాదు. ఆ పౌడరు షాట్‌కి ముందే జిమ్‌లో నూట అరవై అయిదు ఎత్తాను, ఏటీ లేకుండా. ఇంకో మూడు కిలోలు, అంతే కదా. గానీ తర్వాత భుజం లేవలేదు. చాలా రోజులు దువ్వెన పట్టలేకపోనాను, మా ఆవిడే తల దువ్వింది. వాళ్లు ఇంకొకటంటారు. ఎత్తలేకపోతే? రాడ్డు వదిలీసి నేను చతికిలబడ్డది కూడా రికార్డయిపోద్ది. ఎప్పుడూ అదే చూపిస్తారు. ఇంకొకటికి ఈ ఒళ్లు చాలదు.”

“మందు ఎవరిచ్చారు?”

“ఇప్పుడెవరూ ఇవ్వక్కర్లేదు. ఫోన్ చేస్తే ఇంటికొస్తాది.” టీ కప్పు పక్కకు జరిపాడు. “ఈసారి ఏటని అడిగే తీసుకున్నాను.”

“అక్కకు తెలుసా?”

“షూటింగయ్యేదాకా శుక్రవారాలు ఉపవాసముంటంది,” అన్నాడు. అదే జవాబు.

“ఇప్పుడైనా ఆపేయండి. తేదీ వెనక్కి జరపమని అడుగుదాం.”

“సెట్ వేసిందే హీరో డేట్లకి. హీరో డేట్లా, నా ఒళ్లా?” అని నవ్వబోయి మానేశాడు. “ఎవరికీ చెప్పకు బాబూ.”

చెప్పలేదు. మందు మాట ఎత్తకుండా ఏం చేయొచ్చో ఆలోచించాను. మర్నాడు జూబ్లీహిల్స్‌కు వెళ్లి డైరెక్టర్‌కు మూడు మార్గాలు చెప్పాను. ఒకటి: ఫైబర్ పళ్లేలతోనే తీద్దాం, రాడ్డు వంపు నేను కంప్యూటర్లో చేస్తాను, ఎంత బరువుకు ఎంత వంగుతుందో లెక్క నాకు తెలుసు. రెండు: అసలు బరువుతో తీస్తే మూడు కెమెరాలు పెట్టి ఒకే టేక్‌లో ముగిద్దాం. మూడు: షాట్‌నే ఇంకో షెడ్యూలుకు జరుపుదాం.

“మొదటిది చస్తే కుదరదు,” అన్నాడు డైరెక్టర్. “మళ్లీ వంపు కూడా కంప్యూటర్ వంపే అని పట్టుకుంటారు. మూడోదానికి సెట్ ఉండదు. రెండోది ఓకే. అయినా ఒక్క టేకే కదయ్యా! మనిషి అంత బరువెత్తాక మళ్లీ ఎత్తమంటానా? నేనేమన్నా రాక్షసుణ్ణా?”

ఆ మాట అతను మనస్ఫూర్తిగానే అన్నాడు. నేను గుండె డాక్టరు కూడా ఉండాలన్నాను. అంబులెన్సు మాట్లాడమని వెంటనే మేనేజర్‌కు ఫోన్ చేశాడు. ఆ రాత్రికే మాస్టారికి చెప్పాను, ఒక్కటే అని గట్టిగా అన్నారని. “సరే బాబూ,” అన్నాడు. ఆపుతానని మాత్రం అనలేదు.

షూటింగ్ రోజు పొద్దున్నే స్టూడియో ఫ్లోర్‌లో పోటీ వేదిక సిద్ధమైంది. చుట్టూ ప్రేక్షకులుగా జూనియర్ ఆర్టిస్టులు. రాడ్డు, పళ్లేలు మాస్టారి జిమ్ నుంచే ట్రాలీ ఆటోలో వచ్చాయి. దింపేటప్పుడు సెట్‌వాళ్లు ఒక్కో పళ్లెం ఇద్దరు పట్టుకుని ఈసారి నిజమైనవే అన్నట్టు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. అంబులెన్సు ఫ్లోర్ తలుపుకు అడ్డంగా ఆగింది. జనరేటర్ వ్యాన్‌కు దారి లేదని కాసేపు గొడవైంది. అతని భార్య తెల్లచీర కట్టుకుని, సంచీలో బైబిలు పెట్టుకుని మొదటి వరసలో కూర్చుంది. నేను పక్కన మానిటర్ దగ్గర ఉన్నాను.

అతను వచ్చాడు. కెమెరా అతని మొహం మీద ఉంది. మెడ నరం దవడ దాకా ఉబ్బి కనిపించింది. వంగి రాడ్డు పట్టుకున్నాడు. ఒక్క ఊపులో బరువు భుజాల మీదికొచ్చింది. రాడ్డు కొసలు కిందికి వంగి ఊగాయి. అవి ఆగేదాకా ఆగి, పైకి తోశాడు. మోచేతులు తిన్నగా నిలిచాయి. మూడు తెల్ల లైట్లు వెలిగాయి.

అరవమని చెప్పకుండానే జూనియర్ ఆర్టిస్టులు అరిచారు. డైరెక్టర్ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. కో-డైరెక్టర్ నన్ను వాటేసుకున్నాడు. “స్తోత్రం ప్రభువా, స్తోత్రం,” అంటోంది ఆవిడ. మాస్టారు రాడ్డు కింద పడేసి దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

“ఓకే! అద్భుతం మాస్టారూ, అద్భుతం!” మైకులో డైరెక్టర్ గొంతు వినపడింది. తర్వాత అదే గొంతుతో, ఆలోచించకుండా అనేశాడు. “సేఫ్టీకి ఇంకొకటి.”

కో-డైరెక్టర్ ముందుకెళ్లాడు. “సార్, మూడు కెమెరాల మంచిగ వచ్చింది. కాపీ గూడ అయితున్నది.”

“సార్, ఒక్కటే అన్నారు,” అన్నాను నేను.

డైరెక్టర్ కాస్త తడబడ్డాడు. మాస్టారి వైపు చూశాడు. ఆ ఒక్క క్షణంలో మాస్టారు వద్దంటే అయిపోయేది. అతను వేదిక మీద నుంచి చెయ్యి ఊపాడు. “పర్లేదు సార్. ఎత్తుతాను.”

రెండోసారి రాడ్డు ఇంకా తేలిగ్గా లేచింది. డాక్టరు వచ్చి మణికట్టు పట్టుకుని చూసి, కాసేపు కూర్చోమన్నాడు. నేను నీళ్లు తీసుకెళ్లాను. అతని పెదాల చుట్టూ తెల్లగా ఉంది, మొహమంతా ఎరుపు. సీసా మూత తీయలేకపోతే నేను తీసిచ్చాను.

“మొదటిది ఈ ఒంటితోనే అయిపోనాదేమో బాబూ,” అన్నాడు, నీళ్లు తాగకుండా. “భుజాల మీదికి రాగానే అలాగనిపించింది. ఇది నాదే అనిపించింది. ఇప్పుడెలా తెలుస్తాది?”

సీసా తిరిగి నా చేతికిచ్చాడు. లేచి వేదిక మీదికి వెళ్లాడు. సూర్యుడి వెలుగు తలుపులోంచి పడుతోందని కెమెరామెన్ అంటే, తలుపు మూసి ఇంకొకటి తీశారు. తర్వాత దగ్గరి లెన్సుతో ఒకటి.

ఆవిడ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. అరచేతులు చల్లగా ఉన్నాయి. “చూశారా తమ్ముడూ? అప్పుడు ఇరవై ఆరేళ్ల వయసులో మందుంటే ఒక్కసారి ఎత్తారన్నారు. ఇప్పుడు ఏమీ లేకుండా ఎన్నిసార్లు ఎత్తారో! ఈ ఆదివారం మీరు కూడా మందిరానికి రావాలి. మీరు కొలిచినవాళ్లు, మీరు కూడా చెప్పాలి.”

ఆవిడ భుజం మీదుగా మాస్టారు నన్ను చూస్తున్నాడు. నేను మానిటర్ దగ్గరికి నడిచాను.

ఎడిట్‌లో వాడింది మొదటి టేక్. ఆ రోజు అతను ఆ బరువును మొత్తం నాలుగుసార్లు ఎత్తాడు.